రక్తం ఇచ్చిన రెండో రోజే డెంగీ జ్వరం. ఇప్పుడు ఆ సంచి సంగతేంటి?

మియాపూర్_మురళి
సెప్టెంబరు 18, రాత్రి 10:12

మా కాలనీ వినాయకుడి మండపం దగ్గర 14న, శనివారం, రక్తదాన శిబిరం పెట్టారు. ఏడాదికి రెండుసార్లయినా ఇవ్వడం నాకు అలవాటు. ఆ రోజూ ఇచ్చాను. బీపీ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ 14 పైన. జ్వరం లేదు, జలుబు లేదు, ఒళ్ళు నొప్పులు లేవు. జ్యూసు తాగి, సర్టిఫికెట్ పట్టుకుని, ప్రసాదం పులిహోర కూడా తిని ఇంటికొచ్చా.

సోమవారం తెల్లారుజామున చలి మొదలైంది. 102 జ్వరం, కళ్ళ వెనక పోటు. మంగళవారం నిమజ్జనానికి కూడా వెళ్ళలేదు. ఇవాళ డెంగీ పరీక్షలో ఎన్ఎస్1 పాజిటివ్ అని రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు ఉన్నాయి. ఇంట్లోనే ఉండి నీళ్ళు బాగా తాగమన్నారు డాక్టర్ గారు. నా గురించి నాకేం టెన్షన్ లేదు.

టెన్షన్ అంతా ఆ సంచి గురించే. శనివారానికే నా ఒంట్లో వైరస్ ఉండి ఉంటే? ఈపాటికి ఎవరికైనా ఎక్కించేసి ఉంటే? టెస్టులన్నీ చేస్తారు కదా, వాటిలో డెంగీ దొరుకుతుందా? మా ఆవిడేమో "వాళ్ళు చూసుకుంటార్లే, పడుకో" అంటోంది. నిద్ర పట్టట్లేదు.

గోదారిగట్టు
సెప్టెంబరు 18, రాత్రి 10:20

అన్నా, ముందు రెస్ట్ తీసుకో. డెంగీ దోమ వల్లే వస్తుంది, రక్తం ఎక్కిస్తే రాదు. అనవసరంగా బుర్ర పాడుచేసుకోకు. బొప్పాయి ఆకు రసం తాగు, కౌంట్ పెరుగుతుందంటారు.

ల్యాబ్_రమణ
సెప్టెంబరు 18, రాత్రి 10:41

గోదారిగట్టు గారూ, దోమ చేసే పనేంటండీ? ఒకరి రక్తంలో ఉన్న వైరస్‌ను తెచ్చి ఇంకొకరి రక్తంలో వదలడం. సూది కూడా ఆ పని చేయగలదు. దోమ వల్ల వచ్చేంత తరచుగా రాదు, అది నిజం. అసలు రాదనడం మాత్రం తప్పు.

మురళి గారూ, నేను గుంటూరులో బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్‌ని, పదకొండేళ్ళ సర్వీసు. మీ ప్రశ్నకు సూటిగా చెబుతా. మన దేశంలో ప్రతి సంచికీ తప్పనిసరిగా చేసే పరీక్షలు ఐదు: హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. ఆ పట్టికలో డెంగీ లేదు. కాబట్టి మీ సంచి ఈ ఐదూ దాటుకుని, "ఓకే" లేబుల్ వేయించుకుని ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోయి ఉంటుంది. అందులో డెంగీ ఉందేమోనన్న అనుమానం ఈ భూమ్మీద ఇప్పుడు మీకొక్కరికే ఉంది.

ఇది చదవగానే ఫోన్ చేయండి. రేపు పొద్దున కాదు, ఇప్పుడే. బ్లడ్ బ్యాంకులో రాత్రిపూట కూడా డ్యూటీ మనిషి ఉంటాడు. మీ సర్టిఫికెట్ మీదో కార్డు మీదో యూనిట్ నంబరు ఉంటుంది, అది చెప్పండి. పేరు, ఫోన్ నంబరు చెప్పినా వెతికి పట్టుకోగలరు.

ఒక సంచి అంటే ఒక్క మనిషికే పోతుందనుకోకండి. మీరు ఇచ్చినదాన్ని ఆ రోజే తిప్పి మూడుగా విడదీస్తాం. ప్యాక్డ్ సెల్స్, అంటే ఎర్రకణాలు, ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులు ఉంటాయి. ప్లాస్మా గడ్డకట్టించి ఏడాది దాకా పెడతాం. ప్లేట్‌లెట్లకు ఐదు రోజులే ఆయుష్షు, అవి గది చల్లదనంలో ఊగుతూ ఉండాలి. శనివారం ఇచ్చారంటే ఎర్రకణాలు, ప్లాస్మా ఇంకా అక్కడే ఉండే అవకాశం బాగా ఉంది. ప్లేట్‌లెట్లంటారా... సెప్టెంబరు నెలలో మా దగ్గర ఒక్కరోజు ఆగవు.

మియాపూర్_మురళి
సెప్టెంబరు 18, రాత్రి 11:26

మూడోసారికి ఎత్తారు. ఒక కుర్రాడు, నిద్రలో ఉన్నట్టున్నాడు. "డెంగీ వచ్చిందా సార్? తగ్గాక ఆరు నెలలు రక్తం ఇవ్వకండి" అని పెట్టేయబోయాడు. బాబూ, నేను ఇవ్వబోయేదాని గురించి కాదు, ఇచ్చేసినదాని గురించి చెబుతున్నా అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. చివరికి నంబరు రాసుకున్నాడు. పొద్దున మెడికల్ ఆఫీసర్‌కు చెబుతాడట.

ల్యాబ్_రమణ
సెప్టెంబరు 18, రాత్రి 11:31

పొద్దున తొమ్మిదిన్నరకు మీరే మళ్ళీ చేయండి. మెడికల్ ఆఫీసర్‌నే అడగండి. రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పంపండి. ఆ కుర్రాడిని ఏమీ అనకండి. మాకు ఇలా ఫోన్లు రావు సార్. ఏడాదికి ఒకటో రెండో వస్తే గొప్ప. ఏం చేయాలో వాడికి ఎవరూ నేర్పి ఉండరు.

జురాంగ్_జానకి
సెప్టెంబరు 19, ఉదయం 6:05

సింగపూర్ నుంచి రాస్తున్నాను. ఇలాంటి ఫోన్ల విలువ ఇక్కడి కథ వింటే తెలుస్తుంది. 2007లో ఇక్కడ డెంగీ బాగా ఉన్నప్పుడు ఒకాయన రక్తం ఇచ్చాడు. ఇచ్చిన మర్నాడే జ్వరం, అచ్చం మురళి గారిలాగే. ఆ సంగతి తెలిశాక దాచిపెట్టిన ఆయన శాంపిల్‌ను పరీక్షిస్తే వైరస్ దొరికింది. ఆ రక్తం అప్పటికే ముగ్గురికి వెళ్ళిపోయింది. ఎర్రకణాలు ఎక్కించుకున్నవారికి, ప్లాస్మా ఎక్కించుకున్నవారికి డెంగీ జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు తీసుకున్న మూడో మనిషికి జ్వరం రాలేదు కానీ, సోకినట్టు రక్తపరీక్షలో తేలింది. 2008లో ఇది పెద్ద మెడికల్ జర్నల్‌లో కూడా వచ్చింది.

దానికి ముందు హాంకాంగ్‌లో 2002లో ఒకటి జరిగింది. రక్తం ద్వారా డెంగీ రావడం మొదట నమోదైంది అక్కడే. గోదారిగట్టు గారికి కోపం తెప్పించాలని కాదు, ఉన్నమాట చెబుతున్నా.

గోదారిగట్టు
సెప్టెంబరు 19, ఉదయం 7:50

కోపం ఎందుకక్కా. తెలియక అన్నాను. కానీ ఒక డౌటు. ప్లాస్మాను అంత చలిలో గడ్డ కట్టిస్తారు కదా, వైరస్ చావదా?

డాక్టర్_శైలజ
సెప్టెంబరు 19, ఉదయం 8:34

చావదు. ల్యాబుల్లో మేం వైరస్‌ను దాచుకునేదే అంత చలిలో పెట్టి! సింగపూర్‌లో ప్లాస్మా తీసుకున్న మనిషికి జ్వరం వచ్చిందంటేనే తెలుస్తోంది కదా.

నేను ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్, అంటే రక్తం ఎక్కించే విభాగం డాక్టర్‌ని. ఓపీ మొదలయ్యేలోపు రాయగలిగినంత రాస్తాను.

డెంగీ దోమ కుట్టాక జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు పడుతుంది. జ్వరం రావడానికి ఒకటి రెండు రోజుల ముందే వైరస్ రక్తంలో తిరగడం మొదలవుతుంది. ఆ ఒకటి రెండు రోజుల్లో మనిషి హాయిగా ఆఫీసుకెళ్తాడు, మండపం దగ్గర డాన్సు చేస్తాడు, రక్తమూ ఇస్తాడు. థర్మామీటర్ పెట్టినా ఏమీ చూపించదు. మురళి గారిది ఈ కేసే.

ఆయనకు కనీసం జ్వరమైనా వచ్చింది. అసలు రానివాళ్ళ సంగతి చూడండి. 2013లో ఒక పెద్ద అంచనా వచ్చింది. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి సుమారు 39 కోట్ల మందికి డెంగీ సోకితే, అందులో జబ్బుగా బయటపడేది 9.6 కోట్ల మందికేనట. అంటే నలుగురిలో ముగ్గురికి సోకిందీ తెలియదు, పోయిందీ తెలియదు. అలాంటి మనిషి శిబిరానికి వస్తే "ఈ మధ్య జ్వరం వచ్చిందా?" అని అడుగుతాం. లేదంటాడు. అబద్ధం కాదు, అతనికి తెలిసిన నిజం అదే.

మరి సంచుల్లో ఎంత దొరుకుతుంది? వెతికిన చోట దొరికింది. ప్యూర్టోరికోలో 2005లో 16,521 సంచులు చూస్తే 12 వాటిలో వైరస్ జన్యుపదార్థం కనిపించింది. ఇది తక్కువే. బ్రెజిల్‌లో 2012లో డెంగీ ఉధృతంగా ఉన్న నెలల్లో చూస్తే రియోలో వెయ్యికి ఐదు, రెసిఫేలో వెయ్యికి ఎనిమిది. సీజన్, ఊరు, ఆ ఏడాది తిరిగే వైరస్ రకం, వీటిని బట్టి లెక్క మారిపోతుంది.

మిగతాది సాయంత్రం.

వరంగల్_అమ్మ
సెప్టెంబరు 19, ఉదయం 11:15

డాక్టర్ గారూ, వెయ్యికి ఎనిమిది అంటే మీకు చిన్న లెక్క కావచ్చు. మా పాపకు తలసేమియా. తొమ్మిదేళ్ళు. మూడు వారాలకోసారి ఎక్కించాలి, అంటే ఏడాదికి పదిహేడు పద్దెనిమిది సంచులు. ఆరో నెల నుంచీ ఎక్కిస్తున్నాం. ఎంతమంది రక్తం నా బిడ్డ ఒంట్లో ఉందో నేను లెక్కపెట్టడం మానేశాను.

మురళి అన్నా, నీ మీద కోపం లేదు. నీలాంటివాళ్ళు ఇవ్వబట్టే నా బిడ్డ బడికి పోతోంది. పోయినేడు ఆగస్టులో ఎక్కించిన ఐదో రోజు పాపకు జ్వరమొచ్చి డెంగీ అన్నారు. మా ఇంటి చుట్టూ దోమలున్నయ్, బడిలో కూడా ఉన్నయ్. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే "దోమమ్మా, ఇంకేంటి" అన్నారు. అదే నిజం కావచ్చు. కానీ ఆ సంచిని ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇవాళ ఇది చదివాక ఆ ఐదు రోజులే కళ్ళ ముందు తిరుగుతున్నయ్.

ఫిల్టర్ వేసిన రక్తం ఇస్తారు కదా, ఆ ఫిల్టర్‌లో ఇది ఆగదా?

నిజాంపేట_నిజం
సెప్టెంబరు 19, మధ్యాహ్నం 1:02

అందరూ కలిసి భలే భయపెడుతున్నారు. అసలే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రక్తానికి కరువు. ఇలాంటివి చదివితే ఇచ్చేవాళ్ళు కూడా ఆగిపోతారు. రక్తం దొరక్క చచ్చేవాళ్ళు ఎక్కువా, రక్తంలో డెంగీ వచ్చి చచ్చేవాళ్ళు ఎక్కువా? ప్రపంచం మొత్తం గాలించి రెండు మూడు కథలు చెబుతున్నారు. మన దగ్గర ఒక్క కేసైనా చూపించండి.

ఇంకో మాట. అంత అనుమానమైతే ప్రతి సంచికీ ఎన్ఎస్1 కిట్ వాడితే సరిపోయె. ఇంత చర్చ దేనికి?

ల్యాబ్_రమణ
సెప్టెంబరు 19, మధ్యాహ్నం 2:20

నిజం గారి మొదటి మాటతో సగం ఏకీభవిస్తాను. రక్తం ఇవ్వకండి అని ఇక్కడెవరూ అనలేదు. ఇచ్చాక జ్వరం వస్తే ఒక్క ఫోన్ కొట్టండి అంటున్నాం, అంతే.

"ఒక్క కేసు చూపించండి" అంటే ఎలా చూపిస్తాం సార్? వరంగల్ అక్క చెప్పింది చదివారా? దోమలున్న ఊళ్ళో, దోమలున్న ఆసుపత్రిలో, సీజన్ మధ్యలో ఒక పేషెంటుకు జ్వరం వస్తే సంచిని ఎవరు అనుమానిస్తారు? అనుమానించినా, రక్తం ఇచ్చిన మనిషి శాంపిల్ తీసి, పేషెంటు రక్తంలోని వైరస్‌తో పోల్చి చూడాలి. ఆ పని హాంకాంగ్, సింగపూర్ చేయగలిగాయి, అందుకే వాళ్ళకు కేసులు కనిపించాయి.

ఇంకో సంగతి. మన శిబిరాల క్యాలెండర్ ఎప్పుడైనా చూశారా? పంద్రాగస్టు, హీరోల పుట్టినరోజులు, వినాయక చవితి, అక్టోబరు 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. అన్నీ సరిగ్గా డెంగీ సీజన్‌లోనే పడతాయి. పోనీ మార్చేద్దామా అంటే, ప్లేట్‌లెట్లు ఎక్కువ కావాల్సిందీ ఆ నెలల్లోనే. డెంగీ పేషెంటు కోసం తీసిన ప్లేట్‌లెట్లలోనే డెంగీ ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

డాలస్_సుబ్బు
సెప్టెంబరు 19, సాయంత్రం 6:48

ఇక్కడ అమెరికాలో మాకు జరిగింది గుర్తొచ్చింది. 2002లో వెస్ట్ నైల్ వైరస్ రక్తం ద్వారా 23 మందికి సోకిందని తేలింది. అదీ దోమల జబ్బే, డెంగీకి చుట్టమే. ఏడాది తిరక్కుండా, 2003 కల్లా, దేశమంతా రక్తానికి నాట్ పరీక్ష, అంటే వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష, పెట్టేశారు. 2016లో జికా వచ్చినప్పుడూ అంతే. ఇప్పుడు నేను ఇండియా వచ్చి వెళ్తే మలేరియా భయంతో మూడు నెలలు నా రక్తం ముట్టుకోరు. సంక్రాంతికి వచ్చిన ఏడాదల్లా ఉగాది దాటేదాకా నాకు సెలవే.

డబ్బున్న దేశం, చేశారు అనుకోండి. కానీ అంతకుముందు "మా దగ్గర కేసుల్లేవు" అనే ఇక్కడా అనుకున్నారు.

డాక్టర్_శైలజ
సెప్టెంబరు 19, రాత్రి 9:10

ముందు వరంగల్ అమ్మ గారికి. ఆ ఫిల్టర్ తెల్లకణాలను ఆపుతుంది. డెంగీ వైరస్ దానికి అందనంత చిన్నది, పైగా ప్లాస్మాలో తేలుతూ ఉంటుంది. ఫిల్టర్ మాత్రం మానకండి, అది వేరే రియాక్షన్లు రాకుండా కాపాడుతుంది. పాపకు ఎక్కించిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే, ఎక్కించిన తేదీ, సంచి నంబరు డాక్టర్‌కు మీరే చెప్పండి. రక్తం ఎక్కించాక వచ్చే ఇబ్బందులను నమోదు చేయడానికి 2012 నుంచి మన దేశంలో హీమోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. ఆసుపత్రి అందులో రిపోర్టు చేయవచ్చు.

మీకు కాస్త ఊరటనిచ్చే మాట ఒకటుంది. నేను చెప్పిన బ్రెజిల్ పరిశోధనలోనే, వైరస్ ఉన్న సంచి ఎక్కించుకుని, అప్పటికి దానికి రక్షణ లేనివాళ్ళు 16 మంది తేలారు. వారిలో ఆరుగురికి సోకింది. ఐదు దాదాపు ఖాయం, ఒకటి అనుమానం. అయితే శుభ్రమైన రక్తం తీసుకున్న పేషెంట్లతో పోల్చితే జబ్బు తీవ్రతలో గానీ మరణాల్లో గానీ పెద్ద తేడా కనిపించలేదు. అలాగని అన్నిసార్లూ తేలిగ్గా పోతుందని కాదు. ప్యూర్టోరికోలో 2007లో ఎర్రకణాలు తీసుకున్న ఒక పేషెంటుకు రక్తస్రావంతో కూడిన తీవ్రమైన డెంగీయే వచ్చింది. మన ఊళ్ళలో పెద్దవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకసారి డెంగీ సోకి ఉంటుంది కాబట్టి ఆ రకానికి కొంత రక్షణ ఉంటుంది. చిన్నపిల్లలకు అది తక్కువ. అందుకే మీ భయం అర్థం లేనిది అనను.

నిజం గారూ, ఎన్ఎస్1 సంగతి. దిల్లీలో డెంగీ సీజన్‌లో 1,700 పైచిలుకు దాతలకు ఎన్ఎస్1 చేసి చూశారు. ఒక్కటీ పాజిటివ్ రాలేదు. "చూశారా, ఏమీ లేదు" అని మీరంటారు. నేనైతే ఆ పరీక్ష ఈ పనికి సరిపోదేమో అని కూడా అనుకుంటాను. జ్వరంతో వచ్చిన మనిషిలో ఎన్ఎస్1 బాగా పనిచేస్తుంది. లక్షణాలు లేకుండా, వైరస్ కొద్దిగా ఉన్న దాతలో అది తప్పిపోవచ్చు. ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూసే ఐజీఎం, ఐజీజీ పరీక్షలు అసలే పనికిరావు. అవి తేలేసరికి వైరస్ వెళ్ళిపోయే దశలో ఉంటుంది. పాత డెంగీ ఉన్నవాళ్ళందరినీ పక్కన పెడితే శిబిరాలు ఖాళీ. సరిగ్గా పట్టుకునేది నాట్. మన దగ్గర హెచ్ఐవీ, హెపటైటిస్‌లకే అన్ని బ్లడ్ బ్యాంకుల్లో నాట్ లేదు, ఇక డెంగీకి ఎప్పుడు వస్తుంది?

ఇంకో దారి, వైరస్‌ను వెతకకుండా చంపేయడం. ప్లాస్మాలో, ప్లేట్‌లెట్లలో ఒక మందు కలిపి అల్ట్రావయొలెట్ కాంతి పట్టిస్తారు. డెంగీ ఒక్కటే కాదు, ఇంకా చాలా పోతాయి. ఖర్చు ఎక్కువ. పైగా ఎక్కువ మందికి ఎక్కించే ఎర్రకణాలకు ఆ పద్ధతి ఇంకా మామూలు వాడకంలోకి రాలేదు.

నన్నడిగితే ముందు చేయాల్సింది ఖర్చు లేని పని. అవసరం లేని ప్లేట్‌లెట్లు ఎక్కించడం ఆపాలి. కౌంట్ 40 వేలు అనగానే బంధువులు డాక్టర్ మీద పడిపోతారు, డాక్టర్ రాసేస్తాడు. సింగపూర్, మలేసియాల్లో చేసిన ఒక ట్రయల్ 2017లో లాన్సెట్‌లో వచ్చింది. 20 వేలు, అంతకన్నా తక్కువ ఉండి రక్తస్రావం లేని పెద్దవాళ్ళకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదు. పైగా రియాక్షన్లు ఎక్కువయ్యాయి. ఎక్కించని సంచి నుంచి ఏ వైరస్ రాదు.

నిజాంపేట_నిజం
సెప్టెంబరు 19, రాత్రి 9:55

ప్లేట్‌లెట్ల విషయంలో మీతో వాదించను. మా మామయ్యకు 38 వేలుంటే నేనే గొడవ పెట్టి నాలుగు సంచులు ఎక్కించాను.

సరే, రూల్ బుక్‌లో ఏముంది? ఆరు నెలలు అన్నాడుగా ఆ కుర్రాడు.

ల్యాబ్_రమణ
సెప్టెంబరు 19, రాత్రి 10:30

ఆ కుర్రాడు చెప్పింది కరెక్టే. డెంగీ వచ్చి పూర్తిగా తగ్గిన రోజు నుంచి ఆరు నెలలు ఇవ్వకూడదు. దాని పక్కనే ఇంకో లైను ఉంది. డెంగీ ఉన్న ప్రాంతానికి వెళ్ళొస్తే, జ్వరం రాకపోయినా, తిరిగొచ్చాక నాలుగు వారాలు ఆగాలట. శిబిరంలో ఫారం నింపేటప్పుడు ఆ లైను దగ్గర నాకు నవ్వొస్తుంది. హైదరాబాద్‌లో ఉండేవాడు డెంగీ ఉన్న ప్రాంతం నుంచి ఎక్కడికి తిరిగి రావాలి? ఉన్నచోటే అది. అక్షరాలా పాటిస్తే జులై నుంచి నవంబరు దాకా తాళం వేసుకోవాలి.

అందుకే మా సెంటర్‌లో ఒక చిన్న పని చేస్తున్నాం. జ్యూసు ఇచ్చేటప్పుడు ఒక చీటీ ఇస్తాం: "రెండు వారాల్లో జ్వరం వస్తే ఈ నంబరుకు చెప్పండి". సగం చీటీలు కుర్చీ కిందే దొరుకుతాయి. అయినా ఇస్తాం.

మియాపూర్_మురళి
సెప్టెంబరు 20, ఉదయం 11:40

నిన్న పోస్టు పెట్టే ఓపిక లేదు, క్షమించండి. నిన్న పొద్దున మెడికల్ ఆఫీసర్ మేడమ్‌తో మాట్లాడాను. రాత్రి కుర్రాడు నంబరు పుస్తకంలో రాశాడు పాపం, ఆమెకు అప్పటికే తెలుసు. ఎర్రకణాల సంచి ఫ్రిజ్‌లోనే ఉందట, పక్కన పెట్టేశారు. ప్లాస్మా కూడా ఆపేశారు. రెండూ పారేస్తారట.

ప్లేట్‌లెట్లు ఆదివారం రాత్రే వెళ్ళిపోయాయి.

ఎవరికి అని అడిగాను. చెప్పకూడదట. ఆ ఆసుపత్రి డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పామని, పేషెంటును గమనిస్తారని మాత్రం అన్నారు. పెద్దవాళ్ళా, చిన్నపిల్లలా అని కూడా అడిగాను. దానికీ జవాబు లేదు.

వరంగల్_అమ్మ
సెప్టెంబరు 20, మధ్యాహ్నం 12:05

అన్నా, ఆ డాక్టర్‌కు తెలిసింది కదా. జ్వరం రాగానే గుర్తుపడతారు. మాకు ఆ ఫోన్ రాలేదు. వాళ్ళకు వచ్చింది.

గోదారిగట్టు
సెప్టెంబరు 20, మధ్యాహ్నం 12:30

మురళన్నా, నీ కౌంట్ ఎంత?

మియాపూర్_మురళి
సెప్టెంబరు 20, మధ్యాహ్నం 12:44

ఇవాళ 88 వేలు. జ్వరం తగ్గింది. తగ్గాకే జాగ్రత్తగా ఉండమన్నారు, కడుపునొప్పి, వాంతులు ఉంటే వెంటనే రమ్మన్నారు. బొప్పాయి ఆకు రసం మా అత్తగారు నీకన్నా ముందే తాగించారు తమ్ముడూ. ఆ చేదు ఇంకా పోలేదు.

మియాపూర్_మురళి
సెప్టెంబరు 30, రాత్రి 8:15

అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. నేను ఆఫీసుకు వెళ్తున్నాను, కౌంట్ 2.1 లక్షలు. ఆ పేషెంటు సంగతి తెలియదు. మొన్న మళ్ళీ ఫోన్ చేశాను. మేడమ్ విసుక్కోలేదు, "మాకు ఆసుపత్రి నుంచి ఏ కంప్లయింటూ రాలేదండీ" అన్నారు. ఆదివారానికి రెండు వారాలు దాటాయి. అంతవరకే.

రేపు అక్టోబరు 1. మా ఆఫీసులో శిబిరం ఉంది. ప్రతి ఏడూ ముందు నిలబడేది నేనే, ఈసారి ఫారాల టేబుల్ దగ్గర కూర్చోమన్నారు. రమణ గారూ, మీ చీటీలో ఏముంటుందో ఒకసారి ఫొటో పెడతారా? రెండు వందల కాపీలు తీయిస్తాను.

ల్యాబ్_రమణ
సెప్టెంబరు 30, రాత్రి 8:40

పెట్టాను, చూడండి. ఫోన్ నంబరు మీ బ్లడ్ బ్యాంక్‌ది మార్చుకోండి, రాత్రిపూట ఎత్తేది. చీటీ జ్యూసుతో పాటు ఇవ్వకండి, సర్టిఫికెట్‌కు పిన్ను కొట్టించండి. సర్టిఫికెట్ ఎవరూ కుర్చీ కింద పడేయరు.